చిట్యాల మూడు, నల్లగొండ నాలుగు

మొన్న ఆదివారం పొద్దున నా ఫోన్‌లోంచి ఒక్కసారిగా పిల్లల కేకలు వినపడేసరికి, పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి, "ఎవరు, బస్టాండుల నుంచి ఫోన్ చేసిన్రా?" అని అడిగాడు. తప్పు ఆయనది కాదు. గదినిండా పిల్లలు డోలక్‌ల మీద చేతులేసి "కోస్గి కొడంగల్, కోస్గి కొడంగల్" అని గొంతులు చించుకుంటుంటే ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

పంపింది స్వరూప. ఒకప్పుడు నార్కట్‌పల్లిలో మా ఆదివారం సంగీతం క్లాసుకు వచ్చిన పిల్ల. ఇప్పుడు కోస్గిలో కొత్తగా మొదలైన క్లాసుకు తనే టీచర్. ఆ కబురు క్లాసులు నడిపే సంస్థ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా వచ్చింది. స్వరూప మాత్రం నాకొక్కదానికే ఈ పిల్లల పాట రికార్డు చేసి పంపి, కింద "మేడం, పెద్దమ్మ ఉంటే మస్తు నవ్వుతుండె" అని రాసింది.

పెద్దమ్మ పోయి ఏడాది దాటింది. జామపండ్ల పెద్దమ్మ. నార్కట్‌పల్లి చౌరస్తాలో అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు, నేనూ అట్లాగే రాస్తాను. ఆ ముక్క చదివి నేను ఏడుస్తాననుకున్నాను గానీ, నవ్వాను. పక్క గదిలోకి పోయి ఇంకో నాలుగుసార్లు విన్నాను. కోస్గి రెండు, కొడంగల్ మూడు, మొత్తం అయిదు. లెక్క సరిపోయింది.

ఈ లెక్క ఏమిటో చెప్పాలంటే ముందు నా గర్వం సంగతి చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నార్కట్‌పల్లి హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. సంగీతంలో డిప్లొమా ఉంది. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాను కూడా. పాలమూరులో ఉన్న ఒక సంస్థ, డబ్బు పెట్టి నేర్చుకోలేని పిల్లలకు ఆదివారం పూట సంగీతం నేర్పుతామని, సర్టిఫికెట్ ఉన్న టీచర్ కావాలని అంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. బస్టాండు పక్కన కమ్యూనిటీ హాలు ఇచ్చారు. ఒక హార్మోనియం, నాలుగు డోలక్‌లు వచ్చాయి. పిల్లలు కూడా బాగానే వచ్చారు. లారీ షెడ్డుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, పత్తి ఏరబోయేవాళ్ళ పిల్లలు, మందలు కాసేవాళ్ళ పిల్లలు.

పాటలు సాగాయి. తాళం దగ్గర బండి ఇరుక్కుంది. నాలుగు దెబ్బల నడక పట్టుకున్నారు గానీ, ఏడు దెబ్బల నడక ఎంత చెప్పినా రాలేదు. "తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు" అని బోర్డు మీద రాశాను. చేత్తో కొట్టి చూపించాను. మూడు ఆదివారాలు అదే పని. వాళ్ళేమో ఆరు దగ్గరైనా తేలేవాళ్ళు, ఎనిమిది దగ్గరైనా తేలేవాళ్ళు. ఏడు దగ్గర మాత్రం ఒక్కడూ తేలలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మూడో ఆదివారం, హాలు మెట్ల మీద నీడకు కూచున్న ఒకావిడ గంప పక్కన పెట్టుకుని లోపలికి తొంగి చూసింది. యాభై పైన ఉంటుంది వయసు. చామనఛాయ, సన్నటి మనిషి.

"మేడం, ఏమనుకోకు. గా తకిట ఏడుంటది?"

"అది తాళం పెద్దమ్మా."

"గదే. మా పోరగాండ్లు గా ఊరు సూడలె. సూడని ఊరికి ఎట్ల పోతరు? చిట్యాల నల్లగొండ అనమను, పోతరు."

నాకు ఒళ్ళు మండింది. జామపండ్లు అమ్ముకునే మనిషి వచ్చి నాకు తాళం చెప్పడమేమిటని. నేను జవాబు చెప్పేలోపే పిల్లలు అందుకున్నారు. చిట్యాల నల్లగొండ, చిట్యాల నల్లగొండ. చిట్, యా, ల. నల్, ల, గొం, డ. మూడూ నాలుగూ. ఒక్క చెయ్యి కూడా తప్పలేదు. తిరిగి తిరిగి అదే చోట తేలారు, మళ్ళీ మొదలుపెట్టారు. ఆపమన్నా ఆపలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. మరుసటి ఆదివారం మెట్ల దగ్గర ఆగి, కాస్త బింకంగానే అడిగాను. "మరి అయిదుకు ఏమంటావు పెద్దమ్మా?"

ఆమె నా ముఖంలోకి జాలిగా చూసింది. "మిర్యాలగూడ లేదా?"

లోపలికి వచ్చి కూచోమన్నాను. ఆ తర్వాత ఆమె బయట కూచోలేదు.

ఆమె చర్చిలో ప్రతి ఆరాధనకూ డోలక్ వాయిస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదీ పిల్లలు చెబితే. ముందు ఆమె బాపు వాయించేవాడట, ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఈమె కూచుందట. అంతకు మించి చెప్పేది కాదు. ఊర్ల పేర్లు మాత్రం ఎక్కడివో అందరికీ తెలిసిందే. చౌరస్తాలో బస్సు ఆగిందంటే ముందు ఈమె గొంతే వినపడేది. గంప నెత్తిన పెట్టుకుని కిటికీల వెంట పరుగెత్తుతూ పండ్లూ అరిచేది, బస్సు ఎటు పోతుందో ఆ ఊరూ అరిచేది. కండక్టరుకు ఆ పని తప్పేది. తర్వాత హైవే మీద పెద్ద వంతెన వచ్చింది. సూర్యాపేట వైపు పోయే బస్సులు సగం దాని మీదుగానే పోవడం మొదలుపెట్టాయి. మెట్ల మీద నీడకు కూచునే తీరిక అట్లా దొరికింది ఆమెకు.

ఒకసారి స్వరూప అడిగింది. "సూర్యాపేట గూడ నాలుగే గదా పెద్దమ్మా? నల్లగొండే ఎందుకు?"

"నాలుగే. గని గా బస్సు మనకాడ ఆగది. ఆగని బస్సు పేరు నేనెందుకు చెప్త?"

ఆమెకు కోపం వస్తే అంతే, ఎంత దూరమైనా పోయేది. సూర్యాపేట పేరు మా హాల్లో ఎవరూ ఎత్తలేదు.

వాయించేటప్పుడు డోలక్ వైపు చూసేది కాదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూసేది, ఎవరో రావాల్సిన వాళ్ళు ఉన్నట్టు. డోలక్‌ను వట్టి నేల మీద పెట్టనిచ్చేది కాదు. గంప కింద తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట తీసి దాని కింద పెట్టేది. పిల్లవాడు తొందరపడితే "ఏం ర, డ్రైవర్ తాగిండా?" అనేది. వెనకబడితే "పంచర్ అయిందా?" అనేది. మధ్యలో దెబ్బ వదిలేస్తే "బస్సు ఎల్లిపోయింది, ఇగ నువ్వు నడుసుకుంట రా" అని నవ్వేది. పాట ముగిసి అందరి చేతులూ ఒకే దెబ్బ మీద పడాల్సిన చోట, ఆ ఒక్క దెబ్బకు ముందు ఊపిరి బిగబట్టి, "దిగుండ్రి!" అని అరిచేది. పిల్లలందరూ ఒక్కసారే దిగేవాళ్ళు. నా డిప్లొమాలో దాన్ని సమం అంటారు. పదేళ్ళు చదివిన మాట. ఆమె దగ్గర అది అరక్షణంలో అర్థమయ్యేది.

క్లాసు అయ్యాక గంపలోంచి ఒక్క పండు తీసేది. ఆ రోజు అందరికంటే ఎక్కువ తప్పులు చేసిన పిల్లకో పిల్లవాడికో ఇచ్చేది. బాగా వాయించిన వాళ్ళు అలిగితే, "మీకు చప్పట్లు వచ్చినయ్ గదా. ఈనికేం రావాలె?" అనేది. నేను తెలుగు క్లాసులో కూడా అదే మొదలుపెట్టాను, పండుకు బదులు చాక్లెట్.

రెండో ఏడాదికి తాళం క్లాసు పూర్తిగా ఆమెదే. నేను పాటలు చెప్పేదాన్ని, హాజరు వేసేదాన్ని. సంస్థకు పంపే ఫారంలో మాత్రం టీచర్ అన్నచోట నా పేరే రాసేదాన్ని. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే ఉండాలని నియమం. ఆమెకు లేదు. నేను అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. కాగితాల కోసం రాసింది కాగితాల్లోనే ఉంటుందిలే అనుకున్నాను.

అంతలో పాలమూరు నుంచి ఉత్తరం వచ్చింది. అన్ని క్లాసుల పిల్లలకూ పరీక్ష పెడతారట. పిల్లలకు తాళాలూ, వాటి పేర్లూ తెలియకపోతే ఆ ఊర్లో క్లాసు ఆపేసి, వాయిద్యాలు వెనక్కి తీసుకుంటారట.

నేను భయపడ్డాను. నాకంటే పెద్దమ్మ ఎక్కువ భయపడింది. ఆ నెలంతా పిల్లల్ని కూచోబెట్టి నాచేత పుస్తకం పేర్లు చెప్పించింది. చతురస్రం, తిస్రం, మిశ్రం, ఖండం. తప్పు చెబితే తనే కసురుకునేది. "మేడం చెప్పిందే అనుండ్రి. ఆడ పోయి ఊర్ల పేర్లు చెప్పకుండ్రి. మన ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ ఎందుకు పోతుంది పెద్దమ్మా? నువ్వు చెప్పింది తప్పా?" అన్నాను.

"తప్పు గాదు మేడం. గని నాది సంగీతం గాదు గదా. బస్టాండుల అరుసుడు. నీ సదువు ముంగట అది ఎట్ల నిలవడ్తది?"

కాదు అని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్లలు పాసవ్వాలన్న ఆరాటంలో, నిజమేలే, అక్కడ మాత్రం ఊర్ల పేర్లు వద్దు అని నేనూ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

పరీక్షకు రెండు బస్సులు మారి పోయాం. దారిపొడుగునా పిల్లలు కిటికీల్లోంచి బోర్డులు చదివి వేళ్ళు ముడుస్తూనే ఉన్నారు. దేవరకొండ అయిదు, కల్వకుర్తి నాలుగు, జడ్చర్ల మూడు. పెద్దమ్మ వద్దని కళ్ళెర్రజేసేది, మళ్ళీ తనే "జడ్చర్ల మంచిగున్నది" అని గొణుక్కునేది.

పాలమూరులో ఒక స్కూలు హాల్లో పెట్టారు పరీక్ష. పెట్టేది ఇద్దరు. ఒకాయన ముసలి మృదంగం మాస్టారు, తెల్ల పంచె, మెత్తటి మాట. ఇంకొకాయన సంస్థ ఆఫీసు మనిషి, ముందు ఫారాలు పేర్చుకుని కూచున్నాడు. నేను పిల్లల వెనక నిలబడ్డాను. పెద్దమ్మ లోపలికి రానంది. గంప ఒళ్ళో పెట్టుకుని గుమ్మం అవతల కూచుంది.

మొదట స్వరూప వంతు. అప్పుడు పదమూడేళ్ళు దానికి. మాస్టారు మృదంగం మీద ఏడు దెబ్బల నడక ఒక నిమిషం వాయించి, ఆపి, నవ్వుతూ అడిగారు.

"ఇది ఏ జాతి అమ్మా?"

ఆ మాట పుస్తకంలో ఉన్న మాటే. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది, ఈ లెక్కల్ని తాళాల్లో జాతులంటారు. నేను క్లాసులో ఎప్పుడూ ఆ మాట వాడలేదు. ఆ పిల్లల ముందు అనబుద్ధి కాలేదు, నడక అనేదాన్ని. వాళ్ళు ఆ మాటను సంగీతంలో వినలేదు. కిరాయి ఇంటికి పోయినప్పుడు విన్నారు, ఎవరైనా కోపమొచ్చి తిట్టినప్పుడు విన్నారు. పరీక్షలో అదే మాట అడుగుతారని చెప్పి ఉంచాల్సింది. మరిచిపోయాను. తప్పు నాది.

స్వరూప ముఖం మాడిపోయింది. తల దించుకుంది. ఒకసారి గుమ్మం వైపు చూసి, చిన్న గొంతుతో, "మాది చిట్యాల నల్లగొండ సార్" అంది.

ఆఫీసాయన పెద్దగా నవ్వాడు. మాస్టారుకు పాపం ఏమీ అర్థం కాలేదు. "ఊరు కాదమ్మా, నేను జాతి అడిగాను" అన్నారు మళ్ళీ.

ఇగ స్వరూప నోరు విప్పలేదు. వెనక పిల్లలందరూ కూడా ఒకరి వెనక ఒకరు జరిగారు. వాళ్ళకు వచ్చిన తాళమంతా, ఒక్క మాటకు, గొంతులోనే ఆగిపోయింది. క్లాసు పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర పెద్దమ్మ లేచి నిలబడింది.

"సార్, దండం. గా మాట ఇంకో తీరుగ అడుగుండ్రి. మా పిల్లలకు గది మంచిగ ఇనవడది."

మాస్టారు ఆమె వైపు చూశారు, స్వరూప వైపు చూశారు. మెల్లగా ఆయనకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. మృదంగం పక్కన పెట్టి, ఆ పిల్లకు రెండు చేతులూ జోడించారు. "తప్పయిందమ్మా. నేను అడిగింది మీ సంగతి కాదు, దీని సంగతి" అని మృదంగం తట్టారు. "సరే, నేనేమీ అడగను. వాయిస్తాను. మీకేమనిపిస్తే అది అనండి."

వాయించారు. మూడు. పిల్లలు పెద్దమ్మ వైపు చూశారు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, తలూపింది. "చిట్యాల" అన్నారు. నాలుగు. "నల్లగొండ." అయిదు. "మిర్యాలగూడ." ఏడు వచ్చేసరికి స్వరూప తల ఎత్తింది. "చిట్యాల నల్లగొండ" అని అందరికంటే ముందు అదే అంది, చేతులు చరుస్తూ. ముసలాయన కళ్ళు మెరిశాయి. ఊర్ల పేర్లను తన మృదంగంతో వెంబడించడం మొదలుపెట్టారు. వేగం పెంచారు. పిల్లలు పెంచారు. చివరి దెబ్బకు ముందు గుమ్మంలోంచి "దిగుండ్రి!" అని కేక, అందరూ దిగారు, ఆయన కూడా దిగారు.

ఆయన పగలబడి నవ్వారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, కొంచెం కొంటెగా, కొత్త నడక ఒకటి ఎత్తుకున్నారు. తొమ్మిది. అది నేను వాళ్ళకు చెప్పలేదు. నాకే అంతంతమాత్రం. పిల్లలు వేళ్ళు ముడిచారు, తప్పారు, మళ్ళీ ముడిచారు. నేను పెదవి కొరుక్కున్నాను.

పెద్దమ్మ కిటికీ వైపు చూస్తోంది. ఆమె వేళ్ళు గంప అంచు మీద కదులుతున్నాయి. రెండుసార్లు తిరిగింది నడక. మూడోసారి అంది.

"నల్లగొండ మిర్యాలగూడ."

నాలుగూ అయిదూ. పిల్లలు పట్టుకున్నారు. మాస్టారు వాయించడం ఆపేశారు. పిల్లలు మాత్రం ఆపలేదు.

"దాన్ని సంకీర్ణం అంటారమ్మా" అన్నారు ఆయన. "పెద్ద పెద్ద వాళ్ళు తడబడతారు."

"ఏమో సార్. మాకైతే సీదా రోడ్డే."

నా కళ్ళు నిండిపోయాయి. ఆ రోజు ఆ హాల్లో ఉన్నంత గర్వంగా నేను నా సర్టిఫికెట్ తీసుకున్ననాడు కూడా లేను. అక్కడితో ముగిస్తే ఆ గర్వం అట్లాగే ఉండేది. కానీ ఆఫీసాయన ఫారం తిరగేసి చూస్తున్నాడు.

"ఈడ టీచర్ పేరు మేడందున్నది. మరి ఈమె ఎవరు?"

నిజం చెబితే రెండేళ్ళుగా పంపిన ఫారం అబద్ధమవుతుంది. నియమం ప్రకారం క్లాసు ఎత్తేయొచ్చు. చెప్పకపోతే క్లాసు ఉంటుంది, కాగితం మీద పెద్దమ్మ ఉండదు.

ఆమే ముందు అందుకుంది. "నేనెవల్ని గాను సార్. పండ్లమ్ముకుంట. పిల్లలకు తోడొచ్చిన. నేర్పింది మేడమే."

స్వరూప నా వైపు తిరిగింది. ఊరికే చూసింది. పదమూడేళ్ళ పిల్ల చూపు అది. ఇంకో క్షణం ఆగితే ఆ పిల్లకు నేను జన్మలో మళ్ళీ పాఠం చెప్పలేనని తెలిసింది.

"కాదు సార్" అన్నాను. "తాళం నేర్పింది ఈమె. నాకు కూడా ఈమే నేర్పింది. సర్టిఫికెట్ లేదని నా పేరు రాశాను."

"అట్లెట్ల మేడం? రూలు ఉన్నది గదా" అన్నాడు ఆఫీసాయన. కోపంగా కాదు, ఇబ్బందిగా. "ఫారంల ఒక్కటే లైను ఉన్నది. సర్టిఫికెట్ లేకపోతే ఆ క్లాసును నేనెట్ల ఉంచుత?"

మాస్టారు చెయ్యి ఎత్తారు. "పరీక్ష పెట్టేది నేనే కదా? పిల్లలతో పాటు ఈమెకూ పెట్టాను. మీ ముందే పెట్టాను. పాసైంది. కాగితం నేను రాసిస్తాను, ఎవరైనా అడిగితే నన్ను అడగమనండి. ఆ లైను సరిచెయ్యండి."

ఆఫీసాయన కాసేపు ఆయన్నీ, గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మనూ మార్చి మార్చి చూశాడు. ఫారం నా ముందుకు జరిపి, పెన్ను ఇచ్చాడు.

నా పేరు నా దస్తూరీలోనే ఉంది, గుండ్రటి అక్షరాలు, పక్కన డిప్లొమా అని కూడా రాసుకున్నాను. దాని మీద గీత గీశాను. సరిపోలేదనిపించి ఇంకోటి గీశాను, ఒత్తి. ఇంకోటి.

పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో నా పక్కన నిలబడి ఉంది. జామపండ్ల వాసనేసే చెయ్యి నా చేతి మీద వేసింది.

"జర నిమ్మళంగ కొట్టు మేడం, కాగితం చినుగుతది. నా పేరు రాసెతందుకు జాగ ఉండాలె గదా."